గడప దాటి వచ్చిన రాణి

(చదువుకుంటున్న అక్కచెల్లెళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలారా! అక్కచెల్లెళ్లారా!



పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు మొదట కనిపించేది ఎవరు? పాలవాడు కాదు. పక్కింటి వదిన కాదు. అరుగు పక్కన ముడుచుకుని పడుకున్న కుక్క. చీపురు చప్పుడుకు అది ఒక కన్ను తెరుస్తుంది. తోక రెండుసార్లు ఆడిస్తుంది. మళ్లీ కన్ను మూస్తుంది.

ఆ కుక్కకు ఒకరు అన్నం ముద్ద వేస్తారు. ఇంకొకరు రాయి విసురుతారు. ఏ చెయ్యి అన్నం పెడుతుందో, ఏ చెయ్యి రాయి వేస్తుందో దానికి ముందుగా తెలియదు. అందుకే ఎవరు చెయ్యి ఎత్తినా ఒళ్లు ముడుచుకుంటుంది.

ఇవాళ చెప్పుకునే సంగతి ఇదే. దెబ్బలు తిన్న వీధికుక్క ఒక ఇంటికి చేరితే ఎలా కుదురుకుంటుంది? ఇంటివాళ్లు ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?

"మనుషులకే దిక్కు లేదు. కుక్కల గోల మనకెందుకమ్మా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. కాని కుక్క సంగతి మన పిల్లల ప్రాణాలతో ముడిపడి ఉంది. ఆ ముడి ఏమిటో కాసేపట్లో తెలుస్తుంది.

ఒక ఇంటి కథ

ఒక ఇంటిని కళ్ల ముందు ఊహించుకుందాం. పేర్లు అక్కరలేదు. ఇలాంటి ఇల్లు ఏ ఊళ్లోనైనా ఉంటుంది.

ఊరి చివర రెండు గదుల ఇల్లు. ముందు రేకుల పంచ. ఇల్లాలు పొద్దున పూట ఆ పంచలోనే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. భర్త ఆటో నడుపుతాడు. ఇంట్లో అత్తమ్మ ఉంది. ఏడేళ్ల కూతురు ఉంది. ఇల్లాలు పెళ్లయ్యాకే అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది.

ఆ వీధిలో ఒక గోధుమ రంగు ఆడకుక్క తిరిగేది. ఒకరోజు ఎవరో దాని వీపు మీద మరిగే గంజి పోశారు. వీపంతా బొబ్బలెక్కింది. అది ఏడ్చుకుంటూ పోయి రోడ్డు కింది తూములో దూరింది. రెండు రోజులు బయటికి రాలేదు.

మూడో రోజు ఇల్లాలు తూము దగ్గరికి వెళ్లింది. లోపల రెండు కళ్లు మెరిశాయి. ఆమె చెయ్యి పెట్టలేదు. మంచి పని చేసింది. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా తాకితే కరుస్తుంది. ఒక చిప్పలో నీళ్లు, ఒక ఆకులో రెండు ఇడ్లీలు పెట్టి వచ్చేసింది. భర్తకు చెప్పింది. అతను జంతువులను కాపాడే సంస్థకు కబురు చేశాడు. వాళ్లు వల తెచ్చి, జాగ్రత్తగా పట్టుకుని తీసుకుపోయారు.

ఇలాంటి సంస్థలు కొన్ని పట్టణాల్లో ఉన్నాయి. హైదరాబాదులోని బ్లూ క్రాస్ సంస్థను 1992లో సినీ నటి అమల అక్కినేని మొదలుపెట్టారు. ఇలాంటి చోట దెబ్బ తగిలిన జంతువులకు వైద్యం చేస్తారు. పెంచుకుంటామని వచ్చినవాళ్లకు దత్తత ఇస్తారు. సంస్థ లేని ఊళ్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రిని అడగాలి.

ఆ కుక్క వీపు మానడానికి నెల పట్టింది. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేశారు. ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొన కొంచెం కత్తిరించారు. వీధిలో ఏ కుక్కకైనా చెవి కొన అలా కత్తిరించి ఉంటే, దానికి ఆపరేషన్ అయిందని అర్థం.

నయమైంది. ఇప్పుడు అది ఎక్కడికి పోవాలి? పెంచుకునేవాళ్లు లేకపోతే మళ్లీ అదే వీధి. అదే గంజి.

ఆ రాత్రి ఇంట్లో మాట నడిచింది.

"ఇంట్లోకి కుక్కా? మనం తినేదే అంతంతమాత్రం" అంది అత్తమ్మ.

"పంచలోనే ఉంటుంది అత్తమ్మా. దాని తిండి నా ఇడ్లీ డబ్బుల్లోంచి చూసుకుంటాను. సూదుల ఖర్చు పశువుల ఆసుపత్రిలో కనుక్కున్నాను" అంది కోడలు.

భర్త ఏమీ అనలేదు. అమ్మ వైపు చూశాడు.

అత్తమ్మ కాసేపు ఊరుకుంది. "పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత నా మాట వినాలి" అంది.

కూతురు దానికి అప్పటికే పేరు పెట్టేసింది. రాణి!

"దిక్కుమాలినదానికి రాణి అట!" అని మూతి తిప్పింది అత్తమ్మ.

మొదటి మూడు రోజులు

రాణి ఇంటికి వచ్చింది. తోక ఊపుతూ అందరి మీదికీ ఎగబడిందా? లేదు. పంచ మూలన ఉన్న బస్తాల వెనకాల దూరింది. అన్నం పెడితే ముట్టలేదు. పిలిస్తే రాలేదు. రాత్రంతా కళ్లు తెరుచుకునే ఉంది.

"చూశావా? దీనికి మన ఇల్లు నచ్చలేదు" అంది అత్తమ్మ.

అది నచ్చకపోవడం కాదు, భయం. కొత్త కోడలు అత్తారింటికి వచ్చిన మొదటి రోజు ఎలా ఉంటుంది? ఏ గది ఎక్కడుందో తెలియదు. ఎవరి కోపం ఎలాంటిదో తెలియదు. కడుపులో ఆకలి ఉన్నా ముద్ద దిగదు. కొత్త కోడలికి కనీసం మాట తెలుసు. కుక్కకు ఆ మాట కూడా తెలియదు.

కుక్కలను దత్తత ఇచ్చే చోట ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. మూడు రోజులకు బెదురు కొంచెం తగ్గుతుంది. మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది. మూడు నెలలకు ఇది నా ఇల్లు అని నమ్ముతుంది. ఇది సుమారు లెక్క. కొన్ని కుక్కలు తొందరగా కుదురుకుంటాయి. కొన్నింటికి ఏడాది పడుతుంది.

ఈ మూడు రోజుల్లో చెయ్యవలసింది చాలా తక్కువ. చెయ్యకూడనివే ఎక్కువ.

మూలన దాక్కున్న కుక్కను బయటికి లాగకూడదు. దాని మీదికి వంగకూడదు. నెత్తి మీద చెయ్యి వెయ్యకూడదు. కళ్లలోకి గుచ్చి చూడకూడదు. కుక్కల లెక్కలో అలా చూడటం అంటే తగాదాకు రమ్మనడం. చుట్టాలనూ పక్కింటివాళ్లనూ పిలిచి చూపించకూడదు.

దానికంటూ ఒక చోటు చూపించాలి. పాత గోనెసంచి వేస్తే చాలు. పక్కన మంచినీళ్ల గిన్నె ఉండాలి. ఇంట్లోవాళ్లు తమ పని తాము చేసుకోవాలి.

"అమ్మా, ఒక్కసారి ముట్టుకుంటానే" అంది కూతురు.

"వద్దు తల్లీ. మనం దాని దగ్గరికి పోకూడదు. అదే మన దగ్గరికి రావాలి" అంది ఇల్లాలు.

సాయంత్రం తల్లీ కూతురూ పంచలో కూర్చున్నారు. కుక్క వైపు కాదు, పక్కకు తిరిగి కూర్చున్నారు. కూతురి తెలుగు వాచకం తెరిచారు. ఒక వాక్యం కూతురు చదివింది. ఒక వాక్యం తల్లి చదివింది. తల్లి తడబడిన చోట కూతురు అందించింది. బస్తాల వెనక చెవులు నిక్కాయి.

ఇది వింతేమీ కాదు. అమెరికాలో కొన్ని జంతువుల శరణాలయాల్లో పిల్లలు బోను ముందు కూర్చుని పుస్తకం చదువుతారు. మెల్లగా, ఒకే తీరులో సాగే గొంతు వింటుంటే కుక్క భయం తగ్గుతుంది. పిల్లలకు చదువూ వస్తుంది.

మూడో రాత్రి అందరూ పడుకున్నాక గిన్నె చప్పుడైంది. పొద్దున్న చూస్తే గిన్నె ఖాళీ.

కుక్క మాట చదవడం

అక్కచెల్లెళ్లారా! అక్షరాలు చదవడం నేర్చుకున్నాం. కుక్కను చదవడం కూడా నేర్చుకోవచ్చు. దాని అక్షరాలు చెవుల్లో, తోకలో, ఒంట్లో ఉంటాయి.

తోక కాళ్ల మధ్యకు పోయింది, చెవులు వెనక్కి వాలాయి. అంటే భయం.

నిద్ర లేదు గాని ఆవులిస్తుంది. తిండి లేదు గాని మూతి నాకుతుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది. అంటే "నాకు ఇబ్బందిగా ఉంది, కొంచెం జరగండి" అని.

ఒళ్లు కట్టెలా బిగిసింది. కదలడం లేదు. చూపు నిలిచిపోయింది. అంటే ప్రమాదం. ఆగిపోవాలి. మెల్లగా వెనక్కి రావాలి. పరుగెత్తకూడదు.

ఒళ్లంతా వదులుగా ఉంది. తోకతో పాటు నడుమూ ఊగుతోంది. అంటే సంతోషం.

తోక ఊపే కుక్క కరవదు అని కొందరు అంటారు. అది నిజం కాదు. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా ఎత్తి ఊపే కుక్క కరవవచ్చు. ఒక్క అక్షరం చూసి మాట చెప్పలేం. ఒక్క తోక చూసి కుక్కనూ చెప్పలేం.

మూడు వారాలు

రాణికి ఒక సంగతి చూస్తే ప్రాణం పోయేది. తెల్లవారి ఇల్లాలు ఇడ్లీ పాత్ర మూత తీసేది. ఆవిరి బుస్సుమనేది. ఆ చప్పుడుకు రాణి వణికిపోయి, గోడకు అతుక్కుపోయేది. ఒకరోజు అక్కడే తడిపేసింది.

దాన్ని ఎవరూ తిట్టలేదు. ఇల్లాలికి అర్థమైంది. ఆవిరిలో దానికి మరిగే గంజి కనపడుతోంది.

ఆమె రాణి గోనెసంచిని పొయ్యి దగ్గరనుంచి తీసేసింది. ఇంటి రెండో పక్క, అత్తమ్మ మంచం ఉన్న వైపు వేసింది. అత్తమ్మ గొణిగింది. కాని ఆ సంచి తీసెయ్యమనలేదు.

రోజూ ఒకే వేళకు తిండి పెట్టారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తిన్న వెంటనే మెడకు తాడు వేసి బయటికి తీసుకుపోయారు. బయట పని కానిస్తే "శభాష్ రాణీ" అన్నారు. పంచలో తడిపితే నోరెత్తకుండా కడిగేశారు. తడిపినచోట మూతి రుద్దడం, కొట్టడం వంటివి చేస్తే కుక్కకు శుభ్రం రాదు. మనిషంటే భయం ఒక్కటే వస్తుంది.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం. అత్తమ్మ పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రాణి సంచి మీంచి లేచింది. రెండు అడుగులు వేసింది. ఆగింది. ఇంకో రెండు అడుగులు వేసింది. అత్తమ్మ చూడనట్టే ఉంది. రాణి వచ్చి పక్కన పడుకుంది. గడ్డం తీసుకొచ్చి అత్తమ్మ పాదం మీద పెట్టింది. పెద్దగా ఊపిరి వదిలింది. నిద్రపోయింది.

అత్తమ్మ గింజలు తీయడం అయిపోయింది. కాలు తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్లు తెచ్చివ్వు. నేను లేవడానికి లేదు" అంది.

మర్నాడు పదిహేనో రోజు. గడువు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

గుర్రుమన్న రోజు

అంతా సాఫీగా సాగితే అది కుక్క కథ కాదు.

ఒక సాయంత్రం రాణి అన్నం తింటోంది. కూతురు ముద్దొచ్చి గిన్నెలో చెయ్యి పెట్టింది. రాణి ఒళ్లు బిగిసింది. గుర్రుమంది. తండ్రి కర్ర అందుకున్నాడు.

"కొట్టకయ్యా! అది కరవలేదు. ముందుగా చెప్పింది" అని ఇల్లాలు అడ్డం వచ్చింది. బిడ్డను మెల్లగా వెనక్కి తీసుకుంది.

ఆమె అన్నది నిజం. గుర్రుమనడం కుక్క చెప్పే హెచ్చరిక. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం మానదు. ఆ తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

వీధిలో బతికిన కుక్కకు ప్రతి ముద్దా పోట్లాడి తెచ్చుకున్నదే. ఎవరైనా లాక్కుంటారని దాని భయం. అందుకే పిల్లలకు నాలుగు మాటలు నేర్పాలి.

తినే కుక్కను కదిలించకూడదు.

పడుకున్న కుక్కను తాకకూడదు.

పిల్లల తల్లి దగ్గరికి పోకూడదు.

దెబ్బ తగిలిన కుక్కను పట్టుకోకూడదు.

ఐదో మాట పెద్దవాళ్లకు. కుక్క ఎంత మంచిదైనా చిన్నపిల్లలను దాని దగ్గర ఒంటరిగా వదలకూడదు.

పదిహేను నిమిషాలు

ఇప్పుడు ఆ ముడి సంగతి. పిల్లల ప్రాణాల సంగతి.

రాణి వచ్చి నెల దాటింది. పక్కింటి పిల్లవాడు ఆడుకోవడానికి వచ్చాడు. నిద్రపోతున్న రాణి తోక పట్టి లాగాడు. రాణి ఉలిక్కిపడి తిరిగింది. పిల్లవాడి చేతికి పన్ను గీసుకుంది. రక్తం చిమ్మింది.

వీధి వీధంతా చేరింది. పిల్లవాడి తల్లి గుండెలు బాదుకుంది. "నా కొడుక్కి ఏమన్నా అయితే ఎవరిది పూచీ?" అని అరిచింది. ఆమె కోపం న్యాయమైనదే.

ఒకామె కారం తెచ్చింది. ఇంకొకామె సున్నం తెచ్చింది. ఇల్లాలు ఏదీ పెట్టనివ్వలేదు. పిల్లవాణ్ణి కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. సబ్బు రుద్ది, నీళ్లు ధారగా వదిలి కడిగింది. ఎంతసేపు? పదిహేను నిమిషాలు.

ఆ తర్వాత పిల్లవాడినీ తల్లినీ ఆటో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయింది. వెళ్తూ పెట్టెలోంచి ఒక కార్డు తీసుకుంది. అది రాణి టీకా కార్డు.

డాక్టరు అడిగాడు. "కుక్కకు సూది వేయించారా? ఎప్పుడు?"

ఇల్లాలు కార్డు తెరిచింది. వేలు పెట్టి తేదీ చదివింది. మందు పేరు కూడబలుక్కుని చదివింది. ఎవరి సాయమూ అడగలేదు.

డాక్టరు కార్డు చూశాడు. "మంచిది. అయినా పిల్లవాడికి సూదులు వెయ్యాలి. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండండి" అన్నాడు.

ఎందుకన్నాడు?

పిచ్చికుక్క రోగాన్ని రేబీస్ అంటారు. దాని క్రిమి రోగం వచ్చిన జంతువు చొంగలో ఉంటుంది. కాటు ద్వారా ఒంట్లోకి పోతుంది. నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. మెదడుకు చేరి లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అప్పుడు నయం చేసే మందు లేదు. కాని మెదడుకు చేరకముందే సరిగా సూదులు వేస్తే ప్రాణం నిలుస్తుంది. అందుకే ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు.

మనుషులకు వచ్చే రేబీస్‌లో నూటికి తొంభై తొమ్మిది కుక్కల వల్లనే వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అనుమానమున్న జంతువులు కరిచినవాళ్లలో నూటికి నలభై మంది పదిహేనేళ్ల లోపు పిల్లలే. పిల్లలు తిడతారని భయపడి కాటు సంగతి దాస్తారు. అందుకే "కుక్క గీరినా అమ్మకు చెప్పాలి. ఎవరూ కొట్టరు" అని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

కడగడం ఎందుకు? సబ్బు ఆ క్రిమిని చంపుతుంది. నీళ్ల ధార దాన్ని కడిగేస్తుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసర్లు పెడితే పుండు రేగుతుంది, మేలు జరగదు. మంత్రం వేయించుకుని ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

"అమ్మో! బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు!" అని ఇప్పటికీ కొందరు భయపడతారు. అది పాత కాలం మందు. ఇప్పుడు సూది చేతికే వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. మొదటి సూది వేసిన రోజును వదిలేసి లెక్కపెట్టాలి. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ వెళ్లాలి. కొన్ని చోట్ల పద్నాలుగో రోజు కూడా రమ్మంటారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. మధ్యలో ఒక్కటి కూడా మానకూడదు.

ఈ మందు వెనక ఒక తల్లి కథ ఉంది. 1885లో తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి పిచ్చికుక్క కరిచింది. అతని పేరు జోసెఫ్ మైస్టర్. తల్లి ఇక ఆశ లేదని ఊరుకోలేదు. పారిస్ నగరానికి తీసుకుపోయింది. అక్కడ లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త కొత్త టీకా తయారు చేస్తున్నాడు. జూలై 6న మొదటి సూది పడింది. పిల్లవాడు బతికాడు. ఆ జూలై 6ను గుర్తు పెట్టుకుని చాలా పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజున కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. పాశ్చర్ చనిపోయింది సెప్టెంబరు 28న. ఆ రోజు ప్రపంచ రేబీస్ దినం.

మన కథకు వద్దాం. పది రోజులు గడిచాయి. రాణి తిన్నది, తిరిగింది, హాయిగా ఉంది. పిల్లవాడి సూదులన్నీ పూర్తయ్యాయి. ప్రతిసారీ ఇల్లాలే ఆ తల్లీ కొడుకుల వెంట వెళ్లింది. చివరి సూది రోజున తిరిగి వస్తూ ఆ తల్లి అంది:

"వదినా, మా వీధిలో ఇంకో కుక్క ఉంది. దానికి కూడా సూది వేయించాలంటే ఎవరిని అడగాలి?"

పెంచుకునేవాళ్ల బాధ్యత

ప్రేమ ఉంటే చాలదు. పెంచుకునే కుక్కకు కొన్ని పనులు తప్పనిసరి.

పిల్ల కుక్కను తెచ్చుకునేటట్టయితే రెండు నెలల వరకు తల్లి నుంచి విడదియ్యకూడదు. మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించాలి. ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు, ఏటేటా వేయించాలి. రక్తవిరేచనాలతో పిల్ల కుక్కలను చంపే రోగం ఒకటి ఉంది. దాని పేరు పార్వో. దానికి వేరే టీకా ఉంది. కడుపులో పురుగుల మందు కూడా డాక్టరును అడిగి వెయ్యాలి.

ఆపరేషన్ చేయించాలి. ఆడకుక్క చూలు మోసేది రెండు నెలలే. ఏడాదికి రెండు ఈతలు ఈనవచ్చు. ఆ పిల్లలన్నీ ఎక్కడికి పోతాయి? మళ్లీ వీధిలోకే, మళ్లీ రాళ్ల కిందికే.

తిండికి పెద్ద ఖర్చు అక్కరలేదు. అన్నంలో ఉడికించిన గుడ్డు, పెరుగు, ఉప్పూ కారం లేని మాంసం కలిపి పెట్టవచ్చు. రాగి సంకటి పెట్టవచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకూడదు. అవి కుక్కకు విషం. ఉడికించిన కోడి ఎముక ముల్లులా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. మనం తిని పారేసే కూరలో ఉల్లి, కారం ఉంటాయి. కాబట్టి కూర కలపకముందే దాని అన్నం తీసి పెట్టడం మంచిది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పి వేడి తగ్గించుకుంటుంది. ఎండాకాలం నీడ, నీళ్లు లేకపోతే ప్రాణం పోతుంది.

ఇంకో మాట. జంతువును హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. పెంచుకున్నదాన్ని రోడ్డు మీద వదిలెయ్యడం కూడా నేరమే. ఢిల్లీ వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఒక మాట చెప్పింది. వీధికుక్కను పెంచుకోవాలనుకునేవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాని ఆ కుక్క మళ్లీ వీధిపాలు కాకుండా చూడటం వాళ్ల బాధ్యతే.

కాబట్టి తెచ్చేముందే ఆలోచించాలి. బాగా చూసుకున్న కుక్క పది పన్నెండేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతుంది. ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. వీలు లేదనుకుంటే తప్పేమీ లేదు. పెంచుకోకపోయినా, వీధిలోని కుక్కకు సూది వేయించడానికి సాయం చెయ్యవచ్చు. రాయి విసరకుండా ఉండటానికైతే ఏ ఖర్చూ లేదు.

మన పెద్దలు చెప్పిన కథలు

మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ వస్తుంది. నన్నయ కూడా దాన్ని తెలుగులో చెప్పాడు. జనమేజయ మహారాజు యాగం చేస్తున్నాడు. సరమ అనే దేవలోకపు కుక్క బిడ్డ అక్కడ ఆడుకుంటోంది. ఏ తప్పూ చెయ్యలేదు. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ నేరుగా రాజు ముందుకే వచ్చింది. తప్పు లేని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. బలహీనులను అన్యాయంగా బాధపెట్టేవాళ్లకు అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించింది. రాజుకు జవాబు లేకపోయింది.

భారతం చివరలోనూ ఒక కుక్క ఉంది. ధర్మరాజు స్వర్గానికి పోయేటప్పుడు వెంట వచ్చింది ఆ కుక్కే. దాన్ని వదిలేసి రథం ఎక్కమంటే ఆయన ఎక్కలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు. అంత పెద్ద కథకు మొదటా చివరా కుక్కను నిలబెట్టారు మన పెద్దలు.

మూడు నెలలు

రాణి ఇప్పుడు ఎలా ఉంది?

వీపు మీద మచ్చ ఉంది. అక్కడ వెంట్రుకలు రాలేదు. కాని ఒళ్లు నిండింది. బడి వదిలే వేళకు వాకిట్లో కూర్చుంటుంది. కూతురు సందు మలుపు తిరగకముందే లేచి నిలబడుతుంది. ఆటో చప్పుడు వంద ఆటోల్లోనైనా గుర్తుపడుతుంది. రాత్రి కొత్త మనిషి వస్తే రెండుసార్లు మొరుగుతుంది. "ఊరుకో" అంటే ఊరుకుంటుంది.

అత్తమ్మ ఇప్పుడు "అది" అనడం లేదు. "రాణెమ్మా" అంటోంది. అన్నం దగ్గర "రాణెమ్మకు తీశారా?" అని ముందు అడిగేది ఆమే.

భయం పూర్తిగా పోయిందా? పోలేదు. పొద్దున్న ఇడ్లీ పాత్ర మూత తీస్తే, ఆవిరి బుస్సుమంటే, రాణి ఇప్పటికీ లేచిపోతుంది. కాని తూములోకి పోదు. బస్తాల వెనక్కి పోదు. అత్తమ్మ మంచం కిందికి పోతుంది. అత్తమ్మ చెయ్యి కిందికి జార్చి ఉంచుతుంది. ఆ చేతికి మూతి ఆనించి రాణి మళ్లీ పడుకుంటుంది.

భయం వేసినప్పుడు పోవడానికి ఒక చోటు ఉండటమే ఇల్లు. మనిషికైనా అంతే. కుక్కకైనా అంతే.



కలిసి మాట్లాడుకుందాం

1. మొదటి మూడు రోజులు రాణిని ఎందుకు ముట్టుకోలేదు?

2. గుర్రుమన్న కుక్కను ఎందుకు కొట్టకూడదు?

3. కుక్క కరిస్తే ముందు ఏం చెయ్యాలి? ఎన్ని నిమిషాలు? ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

4. టీకా కార్డు చదవడం రావడం వల్ల ఇల్లాలికి ఏం మేలు జరిగింది? మీ ఇంట్లో ఏయే కార్డులు ఉన్నాయి? వాటి మీద తేదీలు చదవండి.

5. మీ వీధిలో చెవి కొన కత్తిరించిన కుక్కలు ఎన్ని? కత్తిరించనివి ఎన్ని? లెక్కపెట్టి రాయండి.